రజియక్క నడుముకు చప్పట్లు

ముదిగుబ్బలో ఈ రోజు శరీర శిక్షణ తరగతి అన్నారు. నడుము నొప్పికి పనికొస్తుందేమోనని పక్కింటి రజియక్కను నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. పాతికేళ్లు శెనక్కాయ చేలల్లో కలుపు తీసి ఆమె నడుము వంగిపోయింది.

తీరా చూస్తే అది బుటో అనే జపాన్ నృత్యమట. ఒళ్లంతా తెల్లరంగు పూసుకున్న కాలేజీ పిల్లలు మోకాళ్లు వంచి, అడుగు తీసి అడుగు వేయలేనట్టు నడుస్తున్నారు. రజియక్కను చూడగానే మాస్టారు అందరినీ ఆపేశాడు.

"మనం శరీరాన్ని అందంగా నిలబెట్టం, నేలకు అప్పగిస్తాం అన్నానే, అది ఇదే! ఈ వంపు రావడానికి మాకు పదేళ్లు పడుతుందమ్మా."

"పదేండ్లెందుకప్పా? చేనికాడికి రా, రెండు పంటలకే వచ్చేస్తాది. నాకు నిలబడేది నేర్పియ్యి, దానికే వచ్చినా," అంది రజియక్క.

అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. ఒకమ్మాయి ఆమె నడకను వీడియో తీసుకుంది. ఆమె నిజంగానే అడిగిందని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు.

తిరిగి వస్తూ ఆమె దారిలో మూడు చోట్ల కూర్చుంది.

అనంతపురంలో మంచి నడుము డాక్టరు ఎవరైనా తెలిస్తే కింద రాయండి. మెచ్చుకోళ్లు మాత్రం వద్దు, ఆమెకు ఈ రోజుకు సరిపడా అందాయి.