ఆకలితో ఉంచిన ఆరు కుండీలు

ఆ రోజుల్లో పరిశోధన అంటే ఏమిటో నాకు తెలియదు కానీ, పరిశోధకుడి ముఖం ఎలా ఉండాలో మాత్రం బాగా తెలుసు. కనుబొమలు ముడిచి, చెవిమీద పెన్సిలు పెట్టుకుని మా దీవిలోని బాన్ అక్యూయ్ ఊరి చెరుకు తోటల మధ్య నడిచేవాణ్ణి. (ఎదురొచ్చినవాళ్ళు పక్కకి తప్పుకునేది గౌరవంతోనే అనుకున్నాను, నిజానికి ఆ జ్వరాల ఏడాది ఎవరు ఎదురొచ్చినా అందరూ అలాగే తప్పుకునేవారు.) మా కూలీల క్యాంపు నుంచి వ్యవసాయ కళాశాలకి వెళ్ళినవాణ్ణి నేనొక్కణ్ణే. ఓడలో వచ్చిన పెద్ద జ్వరం దీవంతా పాకడంతో కళాశాల మూసేశారు. మా కళ్ళద్దాల మాస్టారు మాత్రం చదువు ఆగకూడదని ఒక్కొక్కరికీ పన్నెండు చెరుకు మొక్కల కుండీలిచ్చి ఇంటికి పంపారు. ఆరింటికి ఎరువు వెయ్యాలి, ఎర్రచుక్క పెట్టిన ఆరింటికి వట్టి నీళ్ళే పొయ్యాలి. వారం వారం కొలిచి ఉత్తరం రాయాలి. కొలతల్లో తేడా వస్తే చదువు పోతుందని ఎవరూ అనలేదు, నేనే అనుకున్నాను.

రెండో వారంలో నాకూ జ్వరం తగిలింది. పది రోజుల తర్వాత గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి చూస్తే, ఎర్రచుక్క మొక్కలు ఎరువు వేసినవాటికంటే జానెడు ఎక్కువ ఎదిగి నిగనిగలాడుతున్నాయి! "ఏం చేశావు నానమ్మా?" అని అరిచాను.

"ఆటికేటీ ఎట్టొద్దన్నావు కదా. అమ్మోరు ఊళ్ళో తిరుగుతున్నప్పుడు గుమ్మంలో ఎవులూ ఆకలితో ఉండకూడదురా నానా! రోజూ గంజీ, పేడనీళ్ళూ పోసినాను. నేకపోతే ఆటి ఉసురు నీకు తగలదేటి?"

నీరసంతోనే కూర్చుని, మొక్కలు ఎలా పెరిగి ఉండాలో అలాంటి కొలతలు కల్పించి మాస్టారికి ఉత్తరం రాసేశాను. అంతటితో ఆగితే బాగుండేది. 'నా ఆరోగ్యం దివ్యంగా ఉంది' అని కూడా రాశాను.

మూడోనాడు మాస్టారి గుర్రబ్బండి మా క్యాంపులో ఆగింది. గబగబా దండెం మీద ఆరేసిన నానమ్మ చీర లాగి కుండీల మీద కప్పాను. ఆయన కుండీల వంక చూడనే లేదు, నన్నే చూశారు. "ఉత్తరాలు రాసినవాళ్ళంతా ఏదో ఒక కష్టం చెప్పుకున్నారు. నీకొక్కడికే ఏ కష్టమూ లేదు. అందుకే భయమేసి వచ్చాను" అన్నారు మా దీవి భాష క్రియోల్‌లో. దాంతో నాకు ఏడుపు తన్నుకొచ్చింది. చీర లాగేసి మొత్తం చెప్పేశాను. "నన్ను తీసేస్తారా, మస్యే?" అని అడిగాను, అక్కడ అయ్యగారిని అలాగే పిలవాలి.

"నీ పేరు కొట్టెయ్యడానికి ఇంతదూరం వస్తానా? కొలతలు మళ్ళీ రాయి, నిజమైనవి. గంజి సంగతి కూడా రాయి" అని, నానమ్మ వైపు తిరిగి, పొయ్యి మీది పెద్ద గంజి కుండ చూసి, క్యాంపులో ఎంతమందికి గంజి పోసిందో అడిగారు.

"లెక్కెట్టనేదు దొరబాబూ. గిన్నె తెచ్చినోళ్ళందరికీ పోసినాను" అంది నానమ్మ, ఆయన చేతిలోనూ ఒక గిన్నె పెడుతూ. ఆయన గుమ్మంలోనే కూర్చుని, కళ్ళద్దాలకి ఆవిరి పడుతున్నా ఆపకుండా తాగారు. అంత పెద్ద మనుషులిద్దరిని ఒకే గుమ్మంలో నేను మళ్ళీ చూడలేదు.

ఆయన ఆ వారం విద్యార్థులందరి ఇళ్ళకీ వెళ్ళారని తర్వాత తెలిసింది. రెండు ఇళ్ళలో ఆయన వెతికిన పిల్లలు ఇక లేరు, జ్వరం తీసుకుపోయింది. అలాంటి రోజుల్లో నేను జానెడు తేడా వచ్చిందని లోకం మునిగినట్టు ఏడ్చాను. ఆ పిచ్చి పరిశోధకుణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఏడవడానికైనా మిగిలాడు, పాపం.