లిఫ్టు పనిచేయదు

జనాన్ని కొండలెక్కించే ఆ ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. మొత్తం యాభై నాలుగు మెట్లు, మధ్యలో రెండు మలుపులు. కింద లిఫ్టు తలుపుకు ‘పనిచేయదు’ అని ఒక అట్టముక్క వేలాడుతుంటుంది. నిజానికి లిఫ్టు నిక్షేపంగా పనిచేస్తుంది. రోజూ పొద్దున ఆ అట్ట తగిలించేదీ, సాయంత్రం తీసేదీ మెట్లక్క. ఆవిడను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఆ వీధిలో ఎవరూ మిగల్లేదు.

వచ్చినవాళ్ళలో ఎవరు ఏ దారికి పనికొస్తారో తేల్చి సంతకం పెట్టడం ఆవిడ ఉద్యోగం. దారులు మూడు. సరస్సు దారి రెండు రోజులు, అడవి దారి నాలుగు రోజులు, మంచు కనుమ ఎనిమిది రోజులు. ఫారం మీద అందరూ శూరులే. రోజూ పరిగెడతామంటారు, చిన్నప్పటి నుంచి కొండలంటే ప్రాణమంటారు. అందుకే ఆవిడ ఫారం ముట్టుకోకముందే మెట్ల మీద చెవి వేస్తుంది. అడుగులు ఎక్కడ ఆగాయి, పైకొచ్చాక మొదటి మాట ఎన్ని ముక్కలైంది, అదే ఆవిడ పరీక్ష.

ఆగడం తప్పు కాదనేది ఆవిడ. అలుపొచ్చిందని ఒప్పుకుని ఆగేవాణ్ణి కొండ మీదా మెల్లగా నడిపించవచ్చు. అలుపుకు ఆగలేదని నటించేవాడితోనే చిక్కంతా. పైనుంచి తొంగిచూస్తే, మలుపు దగ్గర ఒకడు ఫోను చూసుకుంటాడు, ఒకావిడ గోడ మీది మంటలార్పే డబ్బాని శ్రద్ధగా చదువుతుంది, ఎక్కువమంది బూటు లేసు కట్టుకుంటారు. ఒకాయన హవాయి చెప్పులతో వచ్చి మరీ లేసు కట్టుకున్నాడు. ఆ సంగతి ఇంటికెళ్ళి మొగుడికి చెబితే ఇద్దరూ కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నారు. ఆ నవ్వులోనే లిఫ్టు గుట్టు కూడా చెప్పేసింది. ఆవిడ చేసిన పొరపాటు అదొక్కటే.

ఆవిడ మొగుడు బస్సు నడిపి రిటైరయ్యాడు. ఇరవై తొమ్మిదేళ్ళు అద్దంలోంచి మంచు కనుమ ఉన్న కొండనే చూస్తూ నడిపాడు. ఉద్యోగం అయ్యాక నలుగురూ కలిసి కనుమ దాటాలని, తోటి డ్రైవర్లు ముగ్గురితో ఎప్పుడో మాటైపోయింది. కానీ నిరుటి చలికాలం నుంచి, కూరల సంచీతో ఇంటి మెట్లెక్కేటప్పుడు ఆయన మధ్యలో ఆగుతున్నాడు. డాక్టరు మాత్రలిచ్చి, ఎత్తుల జోలికి పోవద్దన్నాడు. ఈసారికి సరస్సు దారి చాలండీ అని ఆవిడంటే, ఆయన బుద్ధిగా తలూపాడు. ఆవిడ నమ్మింది. లోకాన్నంతా అనుమానించే మనిషికి ఇంట్లో చెవులు మూసుకుపోయాయేమో.

ఒక శుక్రవారం మెట్ల మీద ముగ్గురి అడుగులు వినపడ్డాయి. తొందర లేని, సమానమైన అడుగులు. ఆరునెలలుగా ఊరవతల గుట్ట ఎక్కి దిగుతున్న ముగ్గురు డ్రైవర్లు పైకొచ్చి, నాలుగోవాడు స్కూటరు నిలబెట్టి వస్తున్నాడన్నారు. నాలుగో మనిషి అడుగులు వినపడలేదు. లిఫ్టు తలుపు చప్పుడు వినపడింది. అది సామాను వచ్చిన చప్పుడనుకున్నారు మిగతావాళ్ళు. ఆయన లోపలికొచ్చాడు. ఒంటి మీద చెమట చుక్క లేదు.

నాలుగు ఫారాలూ మంచు కనుమకే. మూడింటి మీద సంతకం చేసి నాలుగోదాని దగ్గర ఆవిడ కలం ఆపింది.

“మీరు ఇంకోసారి మెట్లెక్కి రండి,” అంది.

ముగ్గురూ నవ్వారు. ఏం చెల్లెమ్మా, మావాణ్ణి కొంగుకు కట్టేసుకుంటావా అన్నాడు పెద్ద డ్రైవరు. వాడు రాకపోతే మేమూ మానేస్తాం అన్నాడు రెండోవాడు, వేళాకోళమేమీ లేకుండానే. ఆయన ముఖం పాలిపోయింది. బల్ల మీదికి వంగి, ఆవిడకు మాత్రమే వినపడేలా అన్నాడు.

“వాళ్ళ ముందు వద్దు. నీకు దణ్ణం పెడతాను.”

ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆయన ఆ మాట ఎన్నడూ అనలేదు. లిఫ్టు మాట ఎత్తితే చాలు, అంతా తేలిపోతుంది. ఎత్తితే ఆ మనిషి రేపటి నుంచి ఆ ముగ్గురి ముందు తలెత్తుకోలేడు. ఎత్తకపోతే ఏమవుతుందో ఆవిడకు అందరికంటే బాగా తెలుసు. పోలీసులనూ ఆటగాళ్ళనూ ముఖం మీదే కాదన్న చెయ్యి, ఆ రోజు తన మాట వినలేదు. సంతకం పెట్టేసింది. పెట్టాక ఆ కాగితాన్ని వెనక్కి లాక్కోవాలనిపించింది, కానీ అప్పటికే ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాతి వారమంతా ప్రయాణపు సర్దుళ్ళే. ఆవిడ మాత్రలు మూడుచోట్ల సర్దింది, సంచీలో బరువు రెండుసార్లు తగ్గించింది. బయల్దేరే పొద్దున ఆయన కుర్చీలో కూర్చుంటే, కింద కూర్చుని కొత్త బూట్లు తొడిగింది. లేసులు లాగి, గట్టిగా రెండేసి ముళ్ళు వేసింది.

“ఊపిరాడకపోతే ఆగండి. ఆగానని వాళ్ళకు చెప్పండి,” అంది తల ఎత్తకుండా.

సరేనన్నాడు. సరస్సు దారికి కూడా అలాగే సరేనన్నాడు.

బస్టాండులో ముగ్గురూ ముందే ఎక్కి కిటికీలోంచి కేకలేస్తున్నారు. ఆయన సంచీ భుజాన వేసుకుని ఆవిడకు చెయ్యూపి బస్సెక్కబోయాడు. బస్సుకు మూడే మెట్లు. రెండో మెట్టు మీద ఆగి, వంగి, బూటు లేసు కట్టుకున్నాడు.