అన్నం వద్దన్న అత్త

పోయిన వారం తిరుత్తణి నుంచి తంతి వచ్చింది. మా మేనత్త పోయింది. విషయం విన్న పక్కింటావిడ, "షుగరు మనిషి కదా, ఎన్నాళ్లుంటుందిలే" అనేసింది. అంత ఏడుపులోనూ నాకు ఒళ్లు మండింది. షుగరు అత్తను తీసుకుపోలేదండీ, వయసు తీసుకుపోయింది. షుగరు ఆమె దగ్గర తలవంచి చాలా ఏళ్లయింది. ఎలా వంచిందో పక్కనుండి చూసినదాన్ని, మీకు చెప్పి తీరాలి.

అత్తా మామా నేతగాళ్లు. ఒక ఏడు ఆడికృత్తిక పండక్కి ఎండలో చెప్పుల్లేకుండా సామి కొండ మెట్లన్నీ ఎక్కి వచ్చాక, అత్త కుడి మడమలో పుండు లేచింది. నెలలైనా మానలేదు. తిరువళ్లూరులో మా ఇంట్లో ఉంచుకుని డాక్టరుకు చూపించాను. షుగరు ముదిరిందని, ఇలాగే వదిలేస్తే పాదం తీసెయ్యాల్సి వస్తుందని అన్నాడు. మగ్గం గుంటలో కాలిపలక తొక్కేది ఆ పాదమే.

అత్త ఏడవలేదు. "కాలు తీసేస్తే మగ్గం యాడ తొక్కేది సార్? ఏం మానాలో చెప్పండి, మానేస్తా" అనింది.

డాక్టరు మాత్రలు రాశాడు. అన్నం, తీపి, దుంపలు బాగా తగ్గించమన్నాడు. ఇంట్లోనే మూత్రం పరీక్ష చేసుకోవడం నేర్పాడు. గాజుగొట్టంలో నీలం మందు పోసి, కొన్ని చుక్కలు మూత్రం కలిపి కాచాలి. నీలంగానే ఉంటే మంచిది, ఆకుపచ్చైతే కొద్దిగా ఉన్నట్టు. ఇటుక రంగుకు తిరిగితే షుగరు ఎక్కువున్నట్టు.

మాకు మంగళవారం ఒక్కపొద్దు. ఒక్కపొద్దంటే మా ఇళ్లలో అన్నం ముట్టకపోవడం, అంతే. ఇడ్లీ, ఉప్మా, అరటిపండ్లు, పంచామృతం, వీటికి అడ్డేమీ లేదు. పాపం ఒక్కపొద్దు కదా అని రెండు ఎక్కువే వడ్డిస్తాం. వారమంతా తిండి తగ్గించి ఆకుపచ్చ దాకా దింపుకున్న రంగు, బుధవారం పొద్దున ఎర్రగా ఇటుకై కూర్చుంది. అత్త గొట్టాన్ని కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. "ఇన్నేండ్లు సామి పేరు చెప్పి మనమే మేసినాం గదే!" అని పకపకా నవ్వింది.

మరుసటి మంగళవారం నిజంగానే ఏమీ తినలేదు. నీళ్లు, ఉప్పు మజ్జిగ. మాత్ర మాత్రం ఎప్పటిలాగే మింగింది. మధ్యాహ్నానికి చెమటలు పట్టి కూలబడింది. గబగబా చక్కెర నీళ్లు తాగించాను. డాక్టరు ఇద్దరినీ కలిపి చీవాట్లు పెట్టి, ఉపవాసం రోజుకు మాత్ర మార్చి రాశాడు. ఇక ఉపవాసం మానేస్తుందనుకున్నాను. "ఆయన తిట్టింది మాత్రకు. ఒక్కపొద్దుకు కాదే" అనింది.

తిరుత్తణికి తిరిగి వెళ్లాక అసలు పోరు మొదలైంది. ఆమె పళ్లెంలో ఆకుకూర, గుడ్లు, కాకరకాయ, పళవేర్కాడు నుంచి సంతకు వచ్చే ఎండు రొయ్యలు ఉండేవి. అన్నం ఉండేది కాదు. మామకది తలవంపులు. "నేను తిండి పెట్టలేదని ఊరోళ్లు అనుకోరా?" అని గొణిగేవాడు. పెళ్లిళ్లలో వద్దన్నా వినకుండా అన్నం వేస్తే, అత్త ఆకు మడిచి లేచి వచ్చేసేది. "పుండు నాది, నోరూ నాదే సామీ" అనేది. ఏడాదికి పుండు మానింది. నేను చూస్తుండగా గుంటలోకి దిగి, చీర కుచ్చిళ్లు ఎత్తి మడమ చూపించి మరీ పలక తొక్కింది. మొన్నమొన్నటి దాకా నేస్తూనే ఉంది.

మా వైపు శవాన్ని ఎత్తే ముందు అయినవాళ్లంతా చేటలోంచి కాసిని బియ్యం తీసి నోట్లో వేస్తారు. వాయికరిసి అంటాం. తంతి అందుకుని తిరుత్తణి వెళ్లిన రోజు, అత్త దగ్గర నా వంతు వచ్చింది. నేను గుప్పిట విప్పలేదు.

"వెయ్యమ్మా, ఆకలితో పంపకూడదు" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"బతికుండంగా వద్దన్నదాన్ని, ఇప్పుడు నోట్లో కుక్కతారా?" అని అరిచేశాను.

మామ మెల్లగా లేచి వచ్చాడు. నన్ను తిడతాడనుకున్నాను. తన గుప్పిట్లోని బియ్యాన్ని తిరిగి చేటలో పోశాడు.

"దానికి వద్దు" అన్నాడు.

నేనూ పోశాను. వెనకున్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, బియ్యం చేటలో ఒంపి, అత్త పాదాలు రెండింటినీ తాకి వెళ్లారు.