ఏలినాటి శనిలో కొన్న పిస్టల్

మా ఇంట్లో నా పేరు మీద ఉన్నవి రెండే: లైబ్రరీ కార్డు, కొలెస్ట్రాల్ రిపోర్టు. కెనడాలోని కాల్గరీలో మేముండే ఇల్లు, రెండు కార్లు, వాకిట్లో మంచు తోసే యంత్రం, హైదరాబాద్ శివార్లలో స్థలం, ఆఖరికి ఇంటర్నెట్ కనెక్షన్, అన్నీ మా ఆవిడ పేరు మీదే ఉన్నాయి. ఇందులో ఆవిడ దురాశ ఏమీ లేదు. నాది ధనుర్రాశి. ఏడున్నరేళ్ళ ఏలినాటి శని మొదలైన ఏడాదే నా పేరు మీద కొన్న కారును జింక గుద్దింది. కారు వెళ్ళి జింకను గుద్దలేదు. పార్కింగ్‌లో ఆగి ఉన్న కారును జింకే పరిగెత్తుకుంటూ వచ్చి గుద్ది, ఇన్సూరెన్స్ మనిషి ఫొటోలు తీసుకునేదాకా అక్కడే నిలబడి, తర్వాత తన దారిన తాను వెళ్ళింది. అప్పటినుంచి ఏది కొన్నా ఆవిడ పేరు మీదే కొంటున్నాం. జాతకాల మీద నాకు నమ్మకం లేదు. పాటిస్తానంతే.

అలాంటి నాకు యాభై ఒకటో ఏట సొంతంగా ఒక వస్తువు కావాలనిపించింది. నా పేరు మీద ఉండాలి, నేనొక్కడినే వాడుకోవాలి.

అది పిస్టల్ కావడానికి కారణం మా ఆఫీసులోని ఒక ఖమ్మం మిత్రుడు. ఒక శనివారం నన్ను తనతో షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళాడు. కాగితం మీద అచ్చేసిన వలయాలను గంటసేపు కాల్చాం. నావేవీ వలయాల జోలికి పోలేదు. కానీ చప్పుడు వినబడకుండా చెవులకు మఫ్‌లు తగిలించుకున్నాక ఆ గంటలో ప్రపంచంలో ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. పాలు తెచ్చారా అని గానీ, ప్రొడక్షన్‌లో సర్వర్ ఎందుకు పడిపోయింది అని గానీ. ఇలాంటి గంట వారానికొకటి, ఎవరితోనూ పంచుకోకుండా, నాకు రాసిపెట్టి ఉండాలనుకున్నాను.

ఈ దేశంలో పిస్టల్ కొనాలంటే ముందు కోర్సు చదివి, పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకోవాలి. దరఖాస్తులో భార్య సంతకానికి ఒక గడి ఉంటుంది. ఆ గడి గీసినవాడు మా ఆవిడను ఎరగడు. ఆవిడ చదవకుండా దేనిమీదా సంతకం పెట్టదు. ఇల్లు కొన్నప్పుడు లాయరు ఇచ్చిన కాగితాలన్నీ చదువుతూ కూర్చుంటే, ఆ లాయరు మధ్యలో భోజనానికి వెళ్ళి వచ్చాడు. ఈ ఫారాన్ని రెండు వైపులా చదివి, అడుగున ఉన్న చిన్న అక్షరాలు కూడా చదివి, కళ్ళజోడు తీసి, నాతో అంది.

"నేనూ వస్తాను కోర్సుకి. ఏం నేర్పుతారో చూడకుండా సంతకం ఎట్లా పెడతానండీ?"

చూడడానికని వచ్చిన మనిషి పరీక్ష కూడా రాసింది. నాకు ఎనభై ఆరు వచ్చాయి. ఆవిడకు తొంభై తొమ్మిది. ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయిందని వెళ్ళి మాస్టారిని అడిగింది. కొన్ని నెలల తర్వాత ఇద్దరికీ ఒకేసారి లైసెన్సు కార్డులు వచ్చాయి. నేను నాది పర్సులో, కనిపించేచోట పెట్టుకున్నాను, కానీ ఇద్దరికీ వచ్చినదాన్ని నాదంటూ లెక్కలో వేసుకోలేదు. ఆవిడ తనది ఆధారాల ఫైల్లో పెట్టింది.

ఇక ఏది కొనాలన్న ప్రశ్న మిగిలింది.

ఇక్కడ నా చేతి గురించి చెప్పాలి. నా చెయ్యి చిన్నది. చలికాలం గ్లవుజులు పిల్లల సెక్షన్‌లో కొంటాను, వాటిమీద డైనోసార్లు ఉంటాయి. ఇది తెలిసిన ఖమ్మం మిత్రుడు నన్ను సింగిల్ స్టాక్ పిస్టల్ తీసుకోమన్నాడు. పిస్టల్ పిడిలో దూర్చే మేగజీన్ డబ్బాలో తూటాలు ఒకదాని మీద ఒకటిగా ఒకే వరసలో ఉంటే అది సింగిల్ స్టాక్. పిడి సన్నగా ఉంటుంది. రెండు వరసలుగా, ఒకరి భుజం సందులో ఒకరు ఇరుక్కున్నట్టు సర్దుకుని ఉంటే డబుల్ స్టాక్. పదిహేడో పద్దెనిమిదో పడతాయి, పిడి లావుగా ఉంటుంది.

నాకు లావుదే కావాలి. జీవితంలో సొంతంగా కొనుక్కునే ఒకే ఒక్క వస్తువు సన్నగా ఉండడానికి మనసొప్పలేదు.

దీనికో చిక్కుంది. కెనడా చట్టం ప్రకారం పిస్టల్ మేగజీన్‌లో పది తూటాలకు మించి పట్టకూడదు. అందుకని పదిహేడు పట్టే డబ్బాకి రివెట్ కొట్టి పది దగ్గర ఆపేస్తారు. అంటే డబుల్ స్టాక్ కొన్నవాడికి ఆ లావు దక్కుతుంది గానీ, ఏ ప్రయోజనం కోసం అది లావైందో ఆ ప్రయోజనం దక్కదు. మూడు పడగ్గదుల ఇల్లు కొని, ఒక గదికి మేకులు కొట్టించి, ఆ గది బయటి గోడకు ఏటేటా రంగు వేయించుకుంటూ బతకడం లాంటిది. మిత్రుడు ఇదంతా ఓపికగా వివరించాడు. నేను ఇంకా ఓపికగా విని, డబుల్ స్టాక్‌లలో ఏది మంచిదని అడిగాను.

సరిగ్గా అప్పుడే, మే నెలాఖరులో, ప్రభుత్వం చేతి తుపాకుల అమ్మకాలు, కొనుగోళ్ళు, బదిలీలు ఆపేయబోతున్నామని ప్రకటించింది. ఎప్పటినుంచి అన్నది మాత్రం చెప్పలేదు. నగరంలోని తుపాకుల కొట్లన్నీ పెళ్ళిళ్ళ సీజన్లో నగల కొట్లలా తయారయ్యాయి. తొందరపడమని మిత్రుడు రోజుకోసారి గుర్తుచేశాడు. పంచాంగం కూడా అదే మాట అంటోందని మా ఆవిడ చెప్పింది. శని ఏప్రిల్ చివర్లోనే మకరం వదిలి కుంభంలోకి వెళ్ళాడట, కాబట్టి నాకు ప్రస్తుతం విముక్తి. ఇన్నేళ్ళకు నా పేరు మీద ఏదైనా కొనడానికి గ్రహాలూ ప్రభుత్వమూ కూడబలుక్కుని ఒక తలుపు తెరిచాయి.

నేను ఎక్సెల్ తెరిచాను.

సాఫ్ట్‌వేర్ వాళ్ళం, ఊరికే వెళ్ళి కొనేస్తే పరువేముంటుంది. పదకొండు పిస్టళ్ళు, ముప్పయ్యొక్క కాలమ్‌లు. బరువు, పిడి చుట్టుకొలత, ట్రిగ్గర్ దాకా వేలు అందే దూరం, మెటలా ప్లాస్టిక్కా, ఏ దేశానిది. ముప్పయ్యొకటో కాలమ్ పేరు 'హోదా'. దానికి మిగతావాటికంటే రెట్టింపు మార్కులు. ఇంటర్నెట్లో వీడియోలు చూశాను. పిడుల మందం ఊహించుకోవడానికి వంటింట్లోంచి జంతికల గొట్టం, పచ్చడి బండ, సగం తరిగిన ఆనపకాయ తెచ్చుకుని టేబుల్ మీద వరసగా పెట్టి, ఒక్కొక్కటీ గురిపెట్టి చూశాను. మా అమ్మాయి మెట్లు దిగి వచ్చి, ఆనపకాయతో ఫ్రిజ్‌ను గురిచూస్తున్న తండ్రిని కాసేపు చూసింది. "డాడ్, వై?" అని, జవాబు కోసం ఆగకుండా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఇలా ఆరు వారాలు గడిచాయి. పదకొండు నాలుగుకు తగ్గాయి, నాలుగు మళ్ళీ తొమ్మిదయ్యాయి. జూలై రెండో వారంలో చివరికి మూడు మిగిలాయి. శనివారం వెళ్ళి ఒకటి తెచ్చేద్దామని ప్రకటించాను. మా ఆవిడ పంచాంగం తెచ్చి నా ముందు పెట్టింది. శని వక్రించాడు. వెళ్ళినట్టే వెళ్ళి, గొడుగు మరిచిపోయిన చుట్టంలా ఆ వారమే మకరంలోకి తిరిగొచ్చాడు. మళ్ళీ వెళ్ళేది జనవరిలో. ప్రభుత్వం అప్పటిదాకా ఆగదని ఆ శనివారమే ఇద్దరం బయల్దేరాం.

కొట్టు కాల్గరీ ఆగ్నేయం వైపు గోడౌన్‌ల మధ్య ఉంది. యజమాని గడ్డం పొట్టదాకా ఉన్న మనిషి, గడ్డానికి తగ్గ ఓపిక. నేను ఎక్సెల్ ప్రింటు ఆయనకిచ్చాను. ఆయన మర్యాదగా మడిచి గల్లాపెట్టె కింద పెట్టుకున్నాడు. మూడూ బయటికి తీశాడు. ఆస్ట్రియాది నల్లటి ప్లాస్టిక్, ఇటుకకు ట్రిగ్గర్ పెట్టినట్టుంది. ఇటలీది అందగత్తె, దాని చుట్టూ నా వేళ్ళు సగం ప్రయాణం చేసి ఆగిపోయాయి. చెక్ దేశానిది ఇనుము, ఎత్తగానే నా భుజం ఒక అంగుళం దిగింది. నాకు ఇటలీది నచ్చింది. ట్రిగ్గర్ దాకా వేలు అందకపోవడం సాధనతో సర్దుకుంటుందని ఆయనకు చెప్పాను. వేళ్ళు సాధనతో పెరగవని ఆయన చెప్పాడు.

అరగంట నుంచి చేతులు కట్టుకుని నిలబడ్డ మా ఆవిడ ముందుకొచ్చి, అడిగి, ఖాళీగా ఉందో లేదో చూసుకుని, కోర్సులో నేర్పినట్టు నేలవైపు పెట్టి, మూడూ ఒకసారి పట్టుకుంది. ఒక్కోదానికి నాలుగు సెకన్లు పట్టి ఉంటుంది. ఆస్ట్రియాది నా చేతిలో పెట్టింది. దీని పిడి వెనక తగిలించే ముక్కల్లో చిన్నవీ పెద్దవీ వస్తాయా అని గడ్డం ఆయనను అడిగి, చిన్నది వేయించింది.

"మీరు మందం చూస్తన్నారు, చెయ్యి చూసుకోవట్లా. పచ్చడి బండైనా అంతే. పట్టు కుదరకపోతే మోచెయ్యి లాగేస్తది."

పట్టుకున్నాను. కుదిరింది. లావుది, డబుల్ స్టాక్, నా చేతికి కుదిరింది. ఒప్పుకోవడానికి మరో పది నిమిషాలు తీసుకున్నాను.

గడ్డం ఆయన కాగితాలు తీసి, ఎవరి పేరు మీద రిజిస్టర్ చెయ్యమంటారని అడిగాడు. ఇద్దరి దగ్గరా లైసెన్సులున్నాయి. ఇన్నేళ్ళుగా నేను ఎదురుచూసిన ప్రశ్న అది. ఆవిడ నావైపు చూసింది.

"మీ సరదా కదా, మీ పేరు మీదే రాయించుకోండి. ఈసారికి శనిని నేను చూసుకుంటాలే."

అంత మంచిమాట ఆవిడ నాతో ఏటా రెండుసార్లకు మించి అనదు. కానీ నాకు జింక గుర్తొచ్చింది. తుపాకీ లాంటి వస్తువు నా పేరు మీద ఉండి, అటు శని వక్రించి ఉంటే, ఈసారి జింక ఏ రూపంలో వస్తుందో ఎవరు చూడొచ్చారు. ఆవిడ పేరు మీదే రాయమన్నాను. జనవరిలో శని వెళ్ళాక నా పేరు మీదకు మార్చుకుంటానని నా ధీమా. ప్రభుత్వం ఆపేది అమ్మకాలనీ కొనుగోళ్ళనీ; మొగుడూ పెళ్ళాల మధ్య బదిలీ ఏమిటి, స్థలం కాగితాలైతే మేం రెండుసార్లు అటూ ఇటూ మార్చుకున్నాం. గడ్డం ఆయన పెన్ను ఎత్తి పట్టుకుని, నిజంగానేనా అని రెండోసారి అడిగాడు. నేను గంభీరంగా తల ఊపాను. ఆవిడ కాగితం రెండువైపులా చదివి సంతకం పెట్టింది.

అక్టోబరులో ఆ నిషేధం అమల్లోకి వచ్చింది. జనవరిలో శని వెళ్ళిపోయాడు. మర్నాడే రిజిస్ట్రీ వాళ్ళకు ఫోన్ చేశాను. అవతల చాలా మర్యాదగల ఒకావిడ, భార్యనుంచి భర్తకైనా బదిలీ బదిలీయేననీ, ఇక కుదరదనీ చెప్పింది. మినహాయింపులేమైనా ఉన్నాయా అన్నాను. ఒలింపిక్ పోటీల స్థాయిలో సాధన చేసేవారికి ఉందట. మీరు చేస్తున్నారా అని అడిగింది. నిజాయితీగా చెప్పాలంటే కొంచెంసేపు ఆలోచించాను. ఆవిడ కూడా మర్యాదగా ఎదురుచూసింది.

విషయం చెబితే మా ఆవిడ బియ్యం ఏరడం ఆపలేదు.

"పోన్లెండి. నా పేరు మీదుంటే కలిసొస్తది."

అలా నా సొంత గంట ఇద్దరి గంటయింది. పిస్టల్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళు పక్కన నిలబడితే తప్ప నేను దాన్ని ముట్టుకోకూడదు. శనివారం పొద్దున నేను కారు నడుపుతాను, తాళం వేసిన పెట్టె ఆవిడది. ముందు ఆవిడ కాలుస్తుంది. ఆవిడ పది తూటాలూ ఒక గారె పట్టేంత చోటులో పడతాయి. నావి విస్తరి నిండా వడ్డించినట్టు పడతాయి. చెవులకు మఫ్‌లున్నా ఆవిడ నన్ను అడగాల్సినవి అడుగుతూనే ఉంటుంది, మోచేతిని వేలితో పొడిచి. ఒక పోటుకు మోచెయ్యి దించమని అర్థం. రెండుసార్లు పొడిస్తే తిరిగి వెళ్ళేటప్పుడు పాలు తీసుకోవాలని.

పోయిన నెల ఒక శనివారం ఆవిడకు జ్వరం వచ్చింది. మీరు వెళ్ళిరండి, రేంజ్‌లో అద్దె పిస్టల్ ఇస్తారుగా అంది. నిజమే. అక్కడికక్కడే వాడుకుని ఇచ్చేయొచ్చు. నేను కలలు కన్న గంట అచ్చంగా అదే. వెళ్ళాను. వాళ్ళిచ్చింది సన్నపాటి సింగిల్ స్టాక్. కౌంటర్ దగ్గరి మనిషి నా వెనక చూసి, ఆవిడేరీ అని అడిగాడు. అటు పక్కన కాలుస్తున్న ఇద్దరు ముసలివాళ్ళూ అడిగారు. మఫ్‌లు పెట్టుకున్నాను. ఎవరూ పొడవలేదు. నా మోచెయ్యి దానంతటదే దిగింది.

పది తూటాలు. ఎనిమిది లోపలి వలయంలో పడ్డాయి. మిగతా రెండూ దాని గీత మీద.

వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. అద్దె గంటలో ఇంకా నలభై నిమిషాలు మిగిలుండగానే పిస్టల్ వాపసిచ్చి, కాగితం చుట్టుకుని, పాలు తీసుకుని ఇంటికొచ్చాను.

మా ఆవిడ మంచం మీద కూర్చుని మిరియాల చారు తాగుతోంది. కాగితం విప్పి చూపించాను. చారు గ్లాసు పక్కన పెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, కన్నాలు ఒక్కొక్కటే వేలితో తడిమి లెక్కపెట్టింది. కిందటివారం తన కాగితంతో పోల్చుకుంటున్నట్టు కళ్ళు చిట్లించింది.

"నేను లేనప్పుడు కొట్టారు. ఎవరు నమ్ముతారండీ ఇది?"

అదే కదా నా బాధా అన్నాను. పెన్ను ఇమ్మంది. ఇచ్చాను. కాగితం తిరగేసి వెనకవైపు చూసింది, ఏమీ లేదు. మళ్ళీ ఇటు తిప్పి అడుగున అచ్చేసినవాళ్ళ చిన్న అక్షరాలు పూర్తిగా చదివింది. అప్పుడు పైన నా పేరు రాసి, కింద తన సంతకం పెట్టింది.

అది ఇప్పుడు గరాజ్‌లో, మంచు తోసే యంత్రం పైన గోడకు అంటించి ఉంది. మా ఇంట్లో నా పేరు మీద ఉన్నవి ఇప్పుడు మూడు.