రంగు లైట్ల స్పీకర్

మా బడికి స్పీకర్ కొనడానికి పోయిన వారం సిరిసిల్ల బజారుకు వెళ్లింది నేనే. దుకాణదారు ఒక నల్ల పెట్టెను చూపించి, "సారూ, గొంతు సాఫ్‌గ రావాలంటే గిది తీస్కపోండ్రి" అన్నాడు. ఫొటోల్లో బాగుంటుందని నేను రంగు లైట్లు తిరిగేదాన్నే పట్టుకొచ్చాను.

ఈ రోజు బడి వార్షికోత్సవం. ఏడో తరగతి శ్రావణి మొదటిసారి స్టేజీ ఎక్కి పాడింది. స్పీకర్‌లోంచి గరగర తప్ప ఒక్క మాటా తెలియలేదు. పిల్లలు మాత్రం లైట్లు చూసి చప్పట్లు కొట్టారు.

పాట అయ్యాక శ్రావణి వాళ్ల నాన్న నా దగ్గరికి వచ్చాడు. ఆయన సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేస్తాడు.

"బిడ్డ పాట ఇందామని సాంచెలు బందువెట్టి వచ్చిన సారూ. ఒక్క ముక్క సమజ్ కాలే. నా చెవులు ఖరాబైనట్టున్నయ్."

"సాంచెల మోతకు అట్లయితది లే" అన్నాను.

అవును, అలాగే అన్నాను.

శ్రావణి వచ్చి, "మళ్ల పాడుత రా బాపూ" అని ఆయన్ను వరండాలోకి తీసుకెళ్లింది. ఆయన వంగి, కూతురి నోటి దగ్గర చెవి పెట్టి విన్నాడు. ప్రతి మాటకీ తల ఊపాడు.

ఆయన చెవులు బాగానే ఉన్నాయని చెప్పడానికి రేపు వాళ్లింటికి వెళ్తున్నాను. మీరైతే అక్కడే చెప్పేసేవారు కదా?