అనవసర ప్రశ్నల గడి

జులై నెల మూడో గురువారం, ఉదయం ఆరు గంటల యాభై నిమిషాలు. రాత్రంతా సన్నగా పడిన జల్లు అప్పటికి ఆగింది గానీ మధురానగర్ మీద మబ్బు కదలలేదు. గాలి పడమటి నుంచి వీస్తోంది. పాల ప్యాకెట్టు కోసం ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వేసిన నాకు అయస్కాంతపు బిళ్ళ కింద వేలాడుతున్న కాగితం ఒకటి కనిపించింది. కళ్ళజోడు తెచ్చుకుని చదివాను. పదకొండు గడుల పట్టిక, పైన నా మనవడి పేరు, లోపల నా కూతురి చేతిరాత. పదో గడికి 'దృష్టి మళ్ళింపులు' అని శీర్షిక, దాని కింద పాఠం మధ్య అడిగిన ప్రశ్నకొక గీత చొప్పున, వారాల వారీగా మొత్తాలు: తొంభై ఆరు, డెబ్భై ఒకటి, నలభై ఎనిమిది, ముప్పై.

ఆ సంఖ్యలు ఎటు దిగుతున్నాయో, ఎక్కడికి పోయి ఆగుతాయో నాకు తెలుసు. అటువంటి పట్టికను ముప్పై నాలుగేళ్ళ క్రితం నేనే గీశాను.

మనవడికి తొమ్మిదేళ్ళు, ఆయాసం ఉంది. బడి బస్సు పంజాగుట్ట చౌరస్తాలో పొగ మధ్య రోజుకు సగటున యాభై రెండు నిమిషాలు నిలబడుతోందని పదిహేను రోజులు గడియారం పట్టుకుని లెక్క తేల్చింది నేనే; ఆ లెక్క చూసే కూతురు ఈ జూన్ నుంచి వాణ్ణి బడి మాన్పించి ఇంట్లో చదివిస్తోంది. అంతవరకు బాగానే ఉంది. అయితే తాను ఒకనాడు అమీర్‌పేటలో కోర్సు చేసి ఉద్యోగం తెచ్చుకున్న మనిషి కనుక, లోకంలో ప్రతి పనికీ అమీర్‌పేటలో ఒక కోర్సు ఉంటుందని దాని నమ్మకం. ఉండనే ఉంది. తల్లిదండ్రులకు ఇంటి చదువు నేర్పే నలభై రోజుల శిక్షణ, మూడో అంతస్తు, కింద జిరాక్స్ దుకాణం. ఆ పట్టిక అక్కడిది.

నా కోపం సంగతి తర్వాత చెబుతాను. ముందు నా పట్టిక సంగతి చెప్పాలి.

వర్షపాతం లెక్కలు కట్టే సర్కారు విభాగంలో నేను ముప్పై ఒక్క సంవత్సరాలు గుమాస్తాగా పనిచేశాను. ఇంటి డాబా మీద కూడా వాన కొలిచే సీసా ఒకటి పెట్టుకున్నాను. ఉదయం ఎనిమిదిన్నరకు అందులోని నీళ్ళు కొలిచి రాయడం ఈనాటికీ తప్పలేదు. మా పనిలో మొదటి సూత్రం ఏమిటంటే, గడిని ఖాళీగా వదలకూడదు. వాన పడకపోతే సున్న రాయాలి, ఎందుకంటే సున్న కూడా ఒక కొలతే.

కూతురికి తొమ్మిదో ఏట కీళ్ళ జ్వరం వచ్చింది. పంజాగుట్టలోని పెద్ద ఆసుపత్రి డాక్టరు ఏడాది పాటు బడి మెట్లు ఎక్కించవద్దన్నాడు. ఏడాది చివర పరీక్ష రాసి నెగ్గితేనే పై తరగతి, లేకపోతే సీటు ఉండదని బడివాళ్ళు చెప్పారు. అప్పటికి అమీర్‌పేటలో మెట్రో స్తంభాలు లేవు, పంజాగుట్టలో పైవంతెన లేదు, ఇంటి చదువుకు శిక్షణలూ లేవు. మనిషికి తోచినట్టు మనిషి చేసుకునేవాడు. నాకు తోచింది పట్టిక. ఆఫీసు ఫారాల కొలతలోనే నోటు పుస్తకంలో స్కేలు పెట్టి గీశాను: తేదీ, ఆరంభం, ముగింపు, విషయం, పేజీలు, తప్పులు, ఏడో గడిలో ఎర్ర సిరాతో 'అనవసర ప్రశ్నలు'.

పొద్దున ఐదున్నర నుంచి తొమ్మిది వరకు, సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు నా పాఠం. పాఠానికి సంబంధం లేని ప్రశ్న అడిగితే ఏడో గడిలో ఒక గీత పడేది, నాలుగు నిలువు గీతలైతే అయిదోది అడ్డంగా. గీతకు ఒక నిమిషం చొప్పున ఆదివారం ఆటలో కోత. ప్రశ్న ఏమిటో రాసేవాణ్ణి కాదు. అనవసరమైన దాన్ని రాయడం ఎందుకని. నా భార్య జొన్నరొట్టె కొడుతూ వంటింట్లోంచి కూతురికి వినిపించేలా అనేది: "మీ బాపు వానను సుత వరుసల నిలవెడ్తడు బిడ్డా, జర నువ్వే సముదాయించుకో." ఆ మాటకు తల్లీ బిడ్డా నవ్వుకునేవారు. నేను ఆ నవ్వును కూడా సమయం వృథా కిందనే జమకట్టాను.

మొదటి నెల గీతలు ఆరు వందల పన్నెండు. రెండో నెల నాలుగు వందల ముప్పై. తర్వాత రెండు వందల ఎనభై ఎనిమిది, నూట నలభై, అరవై ఒకటి, ఇరవై రెండు, ఏడు. ఎనిమిదో నెల మొత్తానికి సున్న. తొమ్మిదో నెల సున్న. పదో నెల సున్న.

ఎనిమిదో నెల ఆఖరి రోజున నేను అమీర్‌పేటలో మిఠాయి కొని, పాకెట్టు సైకిలు హ్యాండిలుకు తగిలించుకుని వచ్చి, వాడకట్టులో ఇంటింటికీ పంచాను. బడిపంతులుగా పనిచేసే నా బావమరిది ఆ రోజు ఇంటికి వస్తే, నోటు పుస్తకం ముందు పెట్టి ఏడో గడి చూపించి, అంకె తగ్గిందంటే పిల్లకు ధ్యాస కుదిరినట్టే అన్నాను. అతను పుటలు తిప్పి తిప్పి, కలాకండ్ ముక్క చేతిలో అట్లాగే ఉంచుకుని, "బావా, పిల్ల పాణం మంచిగున్నదా?" అని అడిగాడు. జ్వరం సంగతి అడుగుతున్నాడనుకుని, మూడు నెలలుగా ఉష్ణోగ్రత తొంభై తొమ్మిది దాటలేదని లెక్కతో సహా చెప్పాను. ఇంత చదువు చదివిన నాలాంటి మూర్ఖుణ్ణి నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. వాన లెక్కలో వానాకాలం నడిమధ్య నెల మొత్తానికి సున్న వస్తే, ఆ తాలూకాలో కరువు ఉన్నదని పై అధికారికి రాసేవాణ్ణి. అదే సున్న నా ఇంట్లో వస్తే మిఠాయి పంచాను.

కూతురు పరీక్ష నెగ్గింది, తరగతిలో రెండో స్థానం. పుస్తకం స్టీలు బీరువాలోకి పోయింది.

ఈ గురువారం పదిన్నరకు నేను అమీర్‌పేట నడిచి వెళ్ళాను. మా ఇంటి నుంచి రెండు వేల ఒక వంద అడుగులు. దారిలో కరపత్రాలు పంచే కుర్రకారు నలుగురు నాకు జావా నేర్పిస్తామన్నారు. మూడో అంతస్తులో శిక్షకుడు, ముప్పై దాటని కోస్తా వైపు యువకుడు, పెద్దవాణ్ణని కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చాడు. పదో గడి ఎందుకు పెట్టారని అడిగాను. మీరు ఎంతమంది పిల్లలకు ఇంట్లో చదువు చెప్పారని కూడా అడిగాను. ఆయనకింకా పెళ్ళి కాలేదట. ఆ గడి తీసేయమని గొంతు పెంచి చెప్పాను. పక్క గదిలో డెమో క్లాసు ఆగి, తలలు బయటికి వచ్చాయి. ఆయన మాత్రం కోపం తెచ్చుకోలేదు. "ఎందుకండీ కంగారు? నెంబరు తగ్గుతోందంటే బాబుకి ఫోకస్ కుదురుతున్నట్టే కదండీ," అన్నాడు.

నేను లేచి వచ్చేశాను. ముప్పై నాలుగేళ్ళ క్రితం బావమరిదితో నేను అన్న మాట కూడా అదే. మెట్లు దిగుతున్నంతసేపూ కోపం తగ్గలేదు. దాని చిరునామా మాత్రం మారింది.

మధ్యాహ్నం ఒకటీ ఇరవైకి కూతురు ఆఫీసు పని ఆపి అన్నానికి వచ్చేసరికి, ఆ పాత నోటు పుస్తకాన్ని బల్ల మీద, దాని కంచం పక్కన పెట్టాను. దాచుకోవడానికి నాకు కారణం ఉంది, చూపించకపోవడానికి లేదు. నేను ఈ గడి గీశాననీ, దాని చివర ఏమున్నదో చూడమనీ చెప్పాను. అది పుటలు నెమ్మదిగా తిప్పింది. ఎర్ర గీతల మీద వేలు పెట్టి కొంతసేపు లెక్కపెట్టి, వదిలేసింది.

"నేను అడుగుడు బంద్ చేసిన అనుకున్నవా బాపూ?" అంది. "నేను అడుగుడు బంద్ చేయలే. నిన్ను అడుగుడు బంద్ చేసిన."

మిగిలినది అన్నం కలుపుకుంటూ, తల ఎత్తకుండా చెప్పింది. నేను ఆఫీసుకు పోయాక పొద్దంతా తల్లిని అడిగేదట. నాలుగు గిద్దెల బియ్యం ఒక సోల అవుతుందని, పాలు ఎందుకు పొంగుతాయో, ఈ వాడకట్టు లేనప్పుడు ఇక్కడ ఏముండేదో, అన్నీ అక్కడే తెలుసుకున్నదట. తల్లికి తెలియనివి తెలియవని చెప్పేదట. ఏడో నెలలో ఒకసారి మోకాళ్ళ నొప్పి తిరగబెట్టింది.

"సచ్చిపోతనా అని అమ్మను అడిగిన," అంది. "నిన్ను అడుగుదామనుకున్న. ఒక నిమిషం పోతదని అడగలే."

ఇంట్లో పిల్లలకు చదువు చెప్పదలచి నాలాంటి పెద్దలను సలహా అడిగేవారికి నేను చెప్పగలిగింది కొంచెమే. బల్ల ముందు గంటన్నర చాలు. మిగతా పొద్దు పిల్లను వంటింట్లో, కిరాణా కొట్టు దారిలో, డాబా మీద తిరగనివ్వండి, వెంట ఉండండి. లెక్క రాయకుండా ఉండలేని జబ్బు నాకున్నట్టే మీకూ ఉంటే, పిల్ల ఏమడిగిందో మాటలతో రాయండి, గీతలతో రాయకండి. నా కూతురి ప్రశ్నల్లో నాకు ఇప్పుడు గుర్తున్నది ఒక్కటే. ఓ వాన పొద్దున నేను సీసా చూసి అంకె చెప్పాక, డాబా మెట్ల కింద దుప్పటి కప్పుకుని నిలబడి, "సీసల పడని వానను ఎవరు లెక్కవెడ్తరు?" అని అడిగింది. గీత గీశాను.

కూతురు చెయ్యి కడుక్కుని ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళింది. ఆ కాగితాన్ని తీసి చాలాసేపు చూసి, వాడు ఏమడిగాడో తాను కూడా ఒక్కటీ రాయలేదని, నాతో కాదు, తనలో తాను అనుకుంది. కొడుకును పిలిచింది. వాడు లోపలి గదిలోంచి పెన్సిలు పట్టుకునే వచ్చి, తల్లి చేతిలో కాగితం చూసి ఆగిపోయాడు. పొద్దున నుంచి ఏమన్నా అడగాలనుకుని అడగకుండా ఉన్నావా అని తల్లి అడిగింది. వాడు నా వైపు, ఆమె వైపు చూశాడు.

"గిది చెప్తే సుత గీత వడ్తదా అమ్మా?" అన్నాడు.

ఆమె పెన్ను తీసుకుని పదో గడిని పై నుంచి కింది దాకా కొట్టేసింది.

ఆ రోజుల్లో నాకు ఇంట్లో ఒక పిల్ల, ఒక సీసా, ఒక స్కేలు ఉండేవి. చుట్టూ బోలెడంత తీరిక ఉండేది, పావుగంటకొక బస్సు పోయే రోడ్డు ఉండేది. ఇప్పుడు ఆ రోడ్డు మీద రైలు పోతోంది, స్కేలు అవసరం లేకుండా గడులు అచ్చయి వస్తున్నాయి. అంత తీరికలో కూర్చుని ఒక పిల్ల మాట వినే వీలు మళ్ళీ ఎవరికి దొరుకుతుందో తెలియదు. నాకు దొరికింది. నేను దాన్ని గీతలు గీయడానికి వాడుకున్నాను.

గురువారం సాయంత్రం పుస్తకం ముందు పెట్టుకుని అన్ని పుటలూ రెండుసార్లు కూడాను. పది నెలల్లో గీతలు వెయ్యిన్నీ అయిదు వందల అరవై. కోసిన ఆట ఇరవై ఆరు గంటలు. నేను జవాబు చెప్పిన ప్రశ్నలు, సున్న.