తెగాల్సిన దారం

శుక్రవారం పొద్దున చాయ తాగి, నా భార్య తెరచాప ముందేసుకుని కూర్చుంది. అంచు పొడుగునా ఇత్తడి రింగులు బిగిస్తోంది. సుత్తి చప్పుడు వంటింట్లో ఉన్న నాకు వినపడుతూనే ఉంది. ఎండ వాకిట్లోకి వచ్చేసరికి ఆగిపోయింది. వెళ్లి చూస్తే గోడకు ఆనుకుని ఉంది. "జర ఛాతిల పట్టినట్టున్నది" అంది. ఆటో వచ్చేలోపే పోయింది. తెరచాపకు కింది మూల ఒక్కటే కట్టడం మిగిలింది.

ఆమె పుట్టిల్లు జమ్మికుంట. వాళ్ల బాపు అక్కడి మార్కెట్ యార్డులో పత్తి మీద కప్పే మందపు గుడ్డ తాటిపత్రులు కుట్టేవాడు. రింగు కొట్టడం ఆయన దగ్గరే నేర్చుకుంది. పెళ్లయి కరీంనగర్ వచ్చాక, మానేరు డ్యామ్‌లో చేపలు పట్టేవాళ్లు చిరిగిన తెరచాపలు తెచ్చివ్వడం మొదలుపెట్టారు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కాలు పెట్టే జాగా ఉండేది కాదు.

రింగులు, కొక్కేలు, గిరకలు పాత పాలపిండి డబ్బాల్లో పోసేది. డబ్బా ఊపి, చప్పుడును బట్టి లోపల ఏముందో చెప్పేది. తలకు నూనె పెట్టుకున్న చేత్తోనే గిరకలకూ రాసేది. నేను నవ్వితే, "రెండూ ఎండల తిరిగేటియే గదా" అనేది.

తెరచాప కింది మూల రింగుకు, పడవ అంచుకు కట్టే తాడు తగిలిస్తారు. చాలామంది అక్కడ ఇనుప కొక్కెం పెడతారు. ఆమె మాత్రం రింగుకూ తాడుకూ మధ్య నూలుదారం కట్టేది. పెద్ద గాలి ఒక్కసారిగా కొడితే ఆ దారం తెగుతుంది, తెరచాప వదులవుతుంది, పడవ బోల్తా పడదు.

మా గల్లీ చివర ఉండే చేపలాయన ఆమెను అక్కా అనేవాడు. మొదటిసారి ఆ దారం చూసి, "అక్కా, గింత తెరచాపకు గీ దారమా? నా మొలతాడే నయముంది" అన్నాడు.

"తెరచాప చినిగితే మళ్ల కుడత. నిన్ను ఏడికెళ్లి కుట్టాలెరా?" అంది ఆమె.

అతను వినలేదు. దారం తీసేసి కొక్కెం పెట్టుకున్నాడు. ఆ వానాకాలం పడవ తిరగబడింది. ఈత వచ్చు కనుక ఒడ్డుకు చేరాడు. తడిసిన తెరచాప భుజాన వేసుకుని మా వాకిట్లో నిలబడితే, ఆమె తిట్టలేదు. చాయ ఇచ్చింది. కొక్కెం ఊడదీసి అతని చేతిలో పెట్టింది. "గోడకు కొట్టుకో. అంగి తగిలిస్తే ఎండుతది."

దారం సరైనదో కాదో ఆమె ఒంటితోనే చూసేది. ఒక కొస కిటికీ ఊచకు కట్టి, రెండో కొస అరచేతికి గుడ్డ మీద చుట్టుకుని, మొత్తం బరువుతో వెనక్కి వాలేది. తెగి, వెనకున్న తాటిపత్రుల కుప్ప మీద పడితే ఆ దారం పనికొస్తుంది. పడ్డ ప్రతిసారీ చిన్నపిల్లలా నవ్వేది.

పోయిన ఏడాది నుంచి ఆమె వాలితే దారం తెగడం మానేసింది. ఆమె బాగా చిక్కిపోయింది. "దారాలు గట్టిగ చేస్తున్నరు" అంది. మర్నాడు తనే పిలిచింది. "నువ్వు రా సారూ. సరిగ్గ నా పాత బరువున్నవ్." అప్పటినుంచి నేను వాలేవాణ్ణి. తల నేలకు తగలకుండా ఆమె పక్కన నిలబడి చూసేది.

కర్మలు అయ్యాయి. ఇవాళ సాయంత్రం చేపలాయన వచ్చాడు. ఆ తెరచాప అతనిదే, అయినా అడగలేదు. కూర్చుని, జేబులోంచి దారం ఉండ తీశాడు.

"అక్క తెచ్చే దారం దొరుకతలేదు బావా. దుకాణంల గిదిచ్చిండు. ఇది తెగుతదా?"

"తెల్వది."

"మరి ఎవలు జెప్తరు?"

నేను ఉండ అందుకున్నాను. మూడు పేటల దారం. చేతికి కొంచెం మందంగానే తగిలింది.

"నేను జెప్త. అప్పటిదాంక పడవ దియ్యకు."

తల ఊపి వెళ్లిపోయాడు.

రేపు పొద్దున ఆ దారం కిటికీ ఊచకు కట్టి, చేతికి గుడ్డ చుట్టుకుని, వెనక్కి వాలుతాను. తాటిపత్రుల కుప్ప ఆమె సర్దిపెట్టినట్టే ఉంది. తెగితే, మిగిలిన ఉండతో మూల కట్టి ఇచ్చేస్తాను. తెగకపోతే ఒక పేట విప్పి, మళ్లీ వాలుతాను.